ఆకు రాల్చిన కొండలపై పూల దారులు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల వసంతంలో అడవిపూలు చూడాలనుకునేవారు ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. ఆ రోజుల్లో మన కొండల మీద గడ్డి ఎండిపోయి ఉంటుంది. నేలను కప్పే చిన్న మొక్కలు వానలు పడ్డాక గానీ విరివిగా పూయవు. ఫిబ్రవరి నడుమ నుంచి ఏప్రిల్ తొలి రోజుల దాకా ఇక్కడి సంబరమంతా చెట్లదే, అదీ ఆకు రాల్చిన చెట్లది. ఎండిన అడవిని చూసి ఇక్కడ ఏముందిలే అని సగం దారిలోనే వెనుదిరిగేవారు కనిపిస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి కొండపల్లి ఖిల్లాది. విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించిన కోట అది. పైకి ఘాట్ రోడ్డు ఉన్నా, పూల కోసం వచ్చినవారు నడిచి ఎక్కడమే మేలు. ఎండిన కొమ్మల నడుమ మోదుగ ఉన్నట్టుండి నారింజ రంగులో కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే, మొగ్గ అడుగున మఖమల్ వంటి ముదురు రంగు తొడిమ, ఆపైన వంపు తిరిగిన రేకలు ఉంటాయి. కాసేపు కదలకుండా నిలబడితే తేనెపిట్టలు, గోరింకలు, పికిలిపిట్టలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి వాలుతాయి. ఆకులు అడ్డు లేనందువల్ల పూలు దూరం నుంచే పిట్టల కంటబడతాయి. పైగా ఇప్పుడు పూస్తేనే కాయలు వేసవిలో ముదిరి, గాలికి ఎగిరి, తొలకరి నాటికి విత్తనం నేలకు చేరుతుంది. బూరుగదీ ఇదే పద్ధతి. బాట మీద ఎర్రని, దళసరి రేకల పూలు రాలి ఉంటే వెంటనే తలెత్తి చూడండి.

రాతి వాలుల్లో కనిపించే కొండగోగు సంగతి వేరు. నిండు పసుపు రంగులో అరచేయంత ఉండే ఆ పూలలో తేనె ఉండదు. పుప్పొడి కోసమే తుమ్మెదలు వస్తాయి; అవి పువ్వును పట్టుకుని రెక్కల కండరాలను అదిలిస్తే, కేసరాల కొనల్లోని చిన్న రంధ్రాల నుంచి పుప్పొడి రాలుతుంది. ఆ ఝంకారం వినాలంటే మాటలు కట్టిపెట్టి నిలబడాలి. కొండపల్లి బొమ్మలకు ప్రాణమైన తెల్లపొణికి కూడా ఇలాంటి ఎండు కొండల చెట్టే. బొమ్మ కొనేవారు ఒక్కసారైనా ఆ అడవిలో నడవాలని నా కోరిక.

గుంటూరు వారికి కొండవీడు దగ్గర. శ్రీకృష్ణదేవరాయలు 1515లో గెలుచుకున్న ఈ కోటకు ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది. కొండ మీది చెరువుల గట్ల వెంట, కూలిన గోడల పక్కన నిదానంగా తిరగడానికి కనీసం ఒక పూట కేటాయించాలి. ఇటువంటి తుప్పల అడవుల్లో ఊడుగ చెట్టు కోసం వెతకండి. ఆకు లేని కొమ్మల నిండా తెల్లని సన్నని పూలు పూసి, కంటికి కనబడకముందే పరిమళంతో పిలుస్తుంది.

తెల్లవారుతుండగా బయలుదేరి, ఎండ ముదరకముందే దిగిపోవాలి, ఎందుకంటే ఆకు లేని అడవిలో నీడ ఉండదు. తాగునీరు దండిగా పట్టుకెళ్లాలి. కోట దారి వదిలి రిజర్వు ఫారెస్టు లోపలికి వెళ్లదలిస్తే అటవీశాఖ వారిని అడిగి అనుమతి తీసుకోవాలి. ఎండుగడ్డికి ఒక్క బీడీ ముక్క చాలు, కొండంతా అంటుకుంటుంది. కాబట్టి నిప్పు ఏ రూపంలోనూ వెంట తీసుకెళ్లకూడదు. పూల కోసం కొమ్మలు విరిచేవారిని వారించడానికి దయచేసి మొహమాటపడకండి, ఆ కొమ్మ మీదే వేసవిలో విత్తనం ముదరాలి.

ఉగాది దాటిన కొద్ది రోజులకు మోదుగ పూత ముగిసి, కొత్త చిగురు మొదలవుతుంది. ఆపై రేల చెట్ల వంతు వస్తుంది. ఆ పసుపు గుత్తుల కోసం కొండ ఎక్కే పని లేదు, ఊళ్లలో రోడ్ల పక్కన కూడా పూస్తాయి.