కౌలుకిచ్చిన మెమరీ

సంక్రాంతి సెలవులకు శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరు కాశీబుగ్గ వచ్చినప్పుడల్లా చివరి వారం రోజులు నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. జనవరిలో జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి, స్టుట్‌గార్ట్‌లో మా వాళ్లు ఉదయం 10 గంటలకు కుర్చీల్లో కుదురుకునే వేళకు ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర అవుతుంది. అమ్మ అన్నం గిన్నెలు తీసేసిన బల్ల మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుంటాను. ఈ ఏడాది అలా కూర్చున్న మొదటి రోజున నా దగ్గరికి వచ్చిన ప్యాచ్‌లో, అంటే కోడ్‌కు ఒకరు ప్రతిపాదించిన సవరణలో, మార్పులు 14 లైన్లకు మించవు, కానీ దాని మీద నాకు మూడు గంటలు పట్టింది. జీడి కార్ఖానా నుంచి వస్తూ టీ కోసం ఆగిన మావయ్య కాసేపు నా వెనక నిలబడి చూసి, "ఏటిరా, ఇందాకటి నుంచీ ఆ ఒక్క కాయితమే సదువుతన్నావు, అర్థం కాలేదేటి?" అని అడిగాడు. అర్థమయిందనీ, ఆలస్యం అందుకేననీ చెప్పాను.

మా ఊళ్లో కెర్నల్ అన్న మాటకు అర్థం వేరు. ఎగుమతికి వెళ్లే జీడిపప్పు డబ్బాల మీద ఇంగ్లీషులో 'క్యాషూ కెర్నల్స్' అనీ, పక్కనే డబ్ల్యూ 240 అనో డబ్ల్యూ 320 అనో గ్రేడూ ఉంటుంది. పౌను బరువుకు ఎన్ని గుండు పప్పులు తూగుతాయో చెప్పే అంకె అది, అంకె చిన్నదైన కొద్దీ పప్పు పెద్దది. అమ్మ ఇరవై ఏళ్లు కార్ఖానాలో పప్పు ఏరింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు మావయ్య తోట కూడా పోయింది; అది నిలిచి ఉంటే నేను దేశం దాటేవాణ్ణో కాదో, అది వేరే కథ. ఆ మరుసటి ఏడాది జర్మనీ బయలుదేరుతూ, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్ మీద పని అని చెబితే, "అంత దూరం ఎల్లి పప్పే ఏరతావేటి" అని అమ్మ నవ్వింది. ఆ మాట మరీ తప్పేమీ కాదు. మా కంపెనీ కెమెరా కార్డులు గింజలనూ పప్పులనూ రంగును బట్టి వేరుచేసే యంత్రాలలోకి వెళ్తాయి. పప్పు కెమెరా ముందు నుంచి జారిపడుతుండగా ఫొటో తీసి, మాడినదో పుచ్చినదో కనబడితే సరిగ్గా ఆ క్షణానికి గాలి కొట్టి పక్కకు నెట్టే యంత్రాలవి. ఆ ఫొటోను మెమరీలోకి చేర్చే డ్రైవర్ (కెర్నల్‌లో ఆ పరికరాన్ని నడిపే భాగం) కోడ్‌లో ఎవరు ఏ మార్పు చేయదలచినా, దాన్ని చదివి ఒప్పుకోవడమో తిప్పి పంపడమో నా పని.

ఫొటోలోని ప్రతి బైటునూ ప్రాసెసరే మోయాలంటే దానికి ఇంకే పనీ సాగదు. అందుకని పరికరమే నేరుగా మెమరీలో రాసుకునే ఏర్పాటు ఉంది, దాన్ని డీఎంఏ అంటారు. మావయ్యకు దీన్ని కౌలు లెక్కన చెప్పాను. మడి మనదే, కానీ కౌలుకిచ్చాక పంట ఎత్తేదాకా అందులో మనం నాగలి పెట్టకూడదు. కెర్నల్‌లో మ్యాప్ అనే ఫంక్షన్‌ను పిలవడమంటే ఆ మెమరీ ముక్కను పరికరానికి కౌలుకివ్వడం, అన్‌మ్యాప్‌ను పిలవడమంటే తిరిగి స్వాధీనం చేసుకోవడం. ఈ రెంటి నడుమ ప్రాసెసర్ అక్కడ ఏమీ రాయకూడదు, చదివినా అక్కడ కనబడింది నిజమని నమ్మకూడదు. సరుకు పరికరం వైపు పోతోందా, అటు నుంచి వస్తోందా అన్నది మ్యాప్‌లో ఏది చెబితే అన్‌మ్యాప్‌లోనూ అదే చెప్పాలి. మ్యాప్ విఫలమైందా లేదా అన్నది తిరిగొచ్చిన చిరునామా సున్నాయా కాదా అని చూసి తేల్చకూడదు, కొన్ని యంత్రాలలో సున్నా కూడా చెల్లే చిరునామాయే. దానికోసమే ఉన్న తనిఖీ ఫంక్షన్‌ను పిలవాలి. చెల్లాచెదురుగా ఉన్న 10 మెమరీ ముక్కలను జాబితాగా మ్యాప్ చేస్తే, ఐఓఎంఎంయూ (పరికరం వాడే చిరునామాలను అసలు మెమరీ చిరునామాలకు మార్చే, తనది కాని చోట రాయకుండా ఆపే హార్డ్‌వేర్) ఉన్నచోట కొన్ని కలిసిపోయి 7 అని జవాబు రావచ్చు. పరికరానికి ఆ 7 చెప్పాలి, అన్‌మ్యాప్‌కు మాత్రం మొదట ఇచ్చిన 10 చెప్పాలి. కాకలు తీరినవాళ్లు కూడా ఇక్కడ పొరబడడం నేను చూశాను. ఫంక్షన్ తన తాత్కాలిక అవసరాలకు వాడుకునే స్టాక్ అనే మెమరీలోంచి చిన్న బఫర్‌ను (డేటా ఉంచే చోటును) డీఎంఏకు ఇచ్చేయడం ఒకప్పుడు ఎన్నో డ్రైవర్లలో నడిచిపోయింది. 2016 డిసెంబరులో వచ్చిన 4.9 కెర్నల్ నుంచి మామూలు పీసీల్లోని ఎక్స్86 ప్రాసెసర్ల మీద స్టాక్‌ను వేరే పద్ధతిలో (వర్చువల్ మ్యాపింగ్‌తో) కేటాయించడం మొదలయ్యాక, అలా ఇవ్వడం చెల్లక అవి ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఇవన్నీ అలవాటు మీద కంటికి ఆనే తప్పులు.

ఆననిది క్యాష్ దగ్గర ఉంటుంది, క్యాష్ అంటే ప్రాసెసర్ తన పక్కనే ఉంచుకునే చిన్న, వేగమైన మెమరీ. ప్రాసెసర్ మెమరీని బైటు బైటుగా తెచ్చుకోదు. మా చిప్‌లో అయితే 64 బైట్లను ఒక లైనుగా తన దగ్గరికి తెచ్చుకుని, అందులో మార్చవలసింది మార్చి, తనకు తోచినప్పుడు మొత్తం లైనును తిరిగి రాస్తుంది. మన బల్ల మీది ఎక్స్86 కంప్యూటర్లలో పరికరం మెమరీలో రాసిన సంగతి క్యాష్‌కు హార్డ్‌వేరే తెలియజేస్తుంది. మా కార్డును బిగించే యంత్రాలలోని ఆర్మ్ చిప్‌లో ఆ ఏర్పాటు లేదు. అక్కడ లెక్క సరిచూసేది మ్యాప్, అన్‌మ్యాప్ ఫంక్షన్లే.

2021లో ఒక సీనియర్ సహోద్యోగి పంపిన ప్యాచ్‌ను నేను చదివి ఒప్పుకున్నాను. ప్రతి ఫ్రేముకూ (అంటే ఒక్కో ఫొటోకూ) ముందుగా పరికరం 512 బైట్ల హెడర్ పంపుతుంది, అందులో ఫ్రేము సంఖ్య, సమయం ఉంటాయి. దానికోసం అప్పటిదాకా మెమరీని విడిగా తీసుకునేవాళ్లం. ఒక కేటాయింపు తగ్గుతుందని ఆయన ఆ బఫర్‌ను, డ్రైవర్ తన వివరాలన్నీ ఒకేచోట పెట్టుకునే స్ట్రక్చర్ లోపలికే జరిపాడు. కోడ్ చిన్నదయింది, చూడ్డానికి ముచ్చటగా ఉంది, ఆయన ఎక్స్86 కంప్యూటర్‌లో పరీక్షలన్నీ నెగ్గింది. 'రివ్యూడ్-బై' అన్న వరుసలో నా పేరు పెట్టాను. కొన్ని నెలలకు ఫిర్యాదు వచ్చింది: యంత్రం రోజులో ఒకటి రెండు సార్లు ఏ కారణమూ లేకుండా మంచి పప్పును బయటికి నెడుతోంది.

వారం రోజుల లాగ్‌లు తిరగేస్తే, ఒకే ఫ్రేము సంఖ్య వెంటవెంటనే రెండుసార్లు కనబడింది. ఫొటో కొత్తది, సంఖ్యా సమయమూ పాతవి, అందువల్ల గాలి తప్పు క్షణంలో కొడుతోంది. హెడర్‌ను బైటు బైటుగా పోల్చి చూస్తే మొదటి 48 బైట్లు మాత్రమే పాతవి, తక్కినవన్నీ కొత్తవి. ఆ 48 నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. చివరికి స్ట్రక్చర్ తెరిచి చూస్తే, బఫర్‌కు ఆనుకుని ముందున్న 16 బైట్లలో రెండు కౌంటర్లు ఉన్నాయి. 16కు 48 కలిపితే 64. ప్రాసెసర్ కౌంటర్‌ను పెంచినప్పుడల్లా ఆ లైను మొత్తం క్యాష్‌లోకి వచ్చేది. పరికరం కొత్త హెడర్ రాసిన తరవాత ఆ లైను తిరిగి మెమరీకి వెళ్లిందా, కౌంటర్‌తో పాటు పక్కనున్న 48 పాత బైట్లూ వెళ్లి కొత్తవాటి మీద పడేవి. మేం కౌలుదారు మడిలో కాలు పెట్టలేదు, గట్టు మీద నడిచాం, అంతే. ఈ పొలంలో గట్టు కూడా మడి కిందే లెక్క.

బఫర్‌ను మళ్లీ విడిగా తీయడమే దిద్దుబాటు. ఆ ప్యాచ్‌లో, ఏ పాత మార్పు వల్ల తప్పు దొర్లిందో చెప్పే 'ఫిక్సెస్' వరుస రాశాం. అందులో పాత మార్పు గుర్తింపు సంఖ్యలోని మొదటి 12 అక్షరాలు వేస్తారు. వాటిని పట్టుకుని ఎవరు వెతికినా కింద నా పేరు తగులుతుంది. ఆఫీసులో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. తప్పు ఎవరిదన్న ప్రసక్తి లేకుండా, అది ఎలా దాటిపోయిందన్న దాని మీద మాత్రం రెండు గంటలు కూర్చోబెట్టారు. తిట్టి వదిలేసినా బాగుండునని ఆ రోజు అనిపించింది. మారిన చోటుకు పైనా కిందా ప్యాచ్ మూడేసి లైన్లు చూపిస్తుంది. కౌంటర్లు ఆ లైన్లలోనే ఉన్నాయనీ, నేను చూశాననీ, వాటిని ఎవరు ఎప్పుడు మారుస్తారో మాత్రం వెతకలేదనీ ఒప్పుకున్నాను.

ఇంకొక కారణం కూడా ఉంది, దాన్ని ఆ సమావేశంలో చెప్పలేకపోయాను. ఆ ప్యాచ్ రాసినాయన నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నాకు అప్పుడే చిన్న అనుమానం వచ్చి, "ఇలా చేస్తే ఇబ్బందేమీ ఉండదనుకుంటాను" అని రాశాను. ఉండదని ఆయన బదులిచ్చారు, నేను ఊరుకున్నాను. మా వైపు పెద్దవాళ్ల మాట కాదనాల్సి వస్తే మూడో మనిషి చేత చెప్పిస్తాం, లేదా నాలుగు రోజులాగి వేరే సందర్భంలో కదుపుతాం. కోడ్ చదివేచోట మూడో మనిషి ఉండడు. ఒకసారి మా టీమ్ లీడ్ నా వ్యాఖ్య ఒకటి చూపించి, "ఇది ప్రశ్నా, అభ్యంతరమా?" అని అడిగింది. ఆ అడగడంలో వెటకారం లేదు, ఆవిడకు నిజంగానే తెలియలేదు. అప్పటి నుంచి నేను రాసే ప్రతి వ్యాఖ్య అది ఏదో చెప్పే మాటతోనే మొదలవుతుంది. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ మొదటి మాట టైపు చేయడానికి నా వేళ్లు ఇప్పటికీ ఒక క్షణం తటపటాయిస్తాయి.

కాశీబుగ్గలో నా ముందున్న 14 లైన్లు కూడా ఆయనవే. కెమెరా ఒక్కోసారి ఫ్రేము మధ్యలో నిలిచిపోతుంది. అప్పుడు 200 మిల్లీసెకన్లు చూసి, టైమర్ మోగగానే బఫర్‌ను అన్‌మ్యాప్ చేసి విడుదల చేయాలన్నది ఆ మార్పు. చదివితే సబబుగానే ఉంటుంది. కానీ ఆ 14 లైన్లలో పరికరాన్ని ఆపే లైను లేదు. విడుదలైన మెమరీని కెర్నల్ వెంటనే ఇంకెవరికో ఇచ్చేస్తుంది. కెమెరా 201వ మిల్లీసెకనులో తేరుకుని తన తక్కిన ఫొటోను అక్కడే రాస్తుంది. నష్టం మా డ్రైవర్‌లో కనబడదు, ఏ ఫైలులోనో, ఏ సంబంధమూ లేని మరో ప్రోగ్రాములోనో బయటపడుతుంది. ఐఓఎంఎంయూ అడ్డుంటే ఆ రాత ఆగి లాగ్‌లో తప్పు నమోదయ్యేది, మా యంత్రంలో ఈ కార్డుకు ఆ రక్షణ లేదు. పరికరాన్ని ఆపే పని మరెక్కడైనా ముందే జరిగిపోతోందేమో, నేను అనవసరంగా అడ్డుపడుతున్నానేమో అని డీఎంఏ కంట్రోలర్ డ్రైవర్ అంతా గాలించడానికే ఆ మూడు గంటలూ పట్టాయి. ఎక్కడా జరగడం లేదు. మావయ్యకు చెబితే, "ఎడ్లను తోలకుండా కౌలు కాయితం సింపేత్తే ఏటి నాభం" అన్నాడు. "ఇది అభ్యంతరం" అని మొదలుపెట్టి, అన్‌మ్యాప్‌కు ముందు టెర్మినేట్ సింక్ ఫంక్షన్‌ను పిలిచి ఛానెల్ (ఆ డీఎంఏ సాగే దారి) ఆగేదాకా నిలబడాలని రాశాను.

సాయంత్రం ఆరున్నరకు కరెంటు పోయింది. ఫోను హాట్‌స్పాట్ మీద చూసేసరికి రెండో వెర్షన్ వచ్చి ఉంది. నేనడిగిన లైను చేర్చారు, అయితే టైమర్ ఫంక్షన్ లోపలే చేర్చారు. టెర్మినేట్ సింక్ ఛానెల్‌ను ఆపి, నడుస్తున్న కాల్‌బ్యాక్‌లు (పని పూర్తయినప్పుడు పిలిచే ఫంక్షన్లు) ముగిసేదాకా ఎదురుచూస్తుంది, ఆ ఎదురుచూపులో నిద్రపోవచ్చు కూడా, అంటే ప్రాసెసర్‌ను ఇతరులకు వదిలేసి ఆగిపోవచ్చు. టైమర్ ఫంక్షన్‌లో నిద్రపోవడం నిషిద్ధం. ఆ పనిని నిద్రపోవడం చెల్లే వర్క్‌క్యూకు తరలించాలి, తరలిస్తే సరిగ్గా ఆ సందులోనే ఫ్రేము పూర్తయిపోతే ఒకే బఫర్‌ను ఇటు వర్క్‌క్యూ పనీ, అటు ఫ్రేము ముగింపు కాల్‌బ్యాకూ రెండూ విడుదల చేసే ప్రమాదాన్ని కూడా చూసుకోవాలి. అమ్మ దీపం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఈసారీ అభ్యంతరమనే మొదలుపెట్టి ఇదంతా రాసి పంపాను. "నిజమే, రేపు చూస్తాను" అని రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. రివ్యూడ్-బై వరుసను ఖాళీగానే ఉంచి ల్యాప్‌టాప్ మూశాను.