చాక్‌పీసు గీత, నాలుగు టైర్లు

ఈ ఆదివారమంతా టైర్ల పనికే సరిపోయింది. స్విఫ్టు ముందు టైర్లు బయటి అంచున నున్నబడ్డాయని పోయిన నెలలోనే గమనించాను. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగిందని తెలియడానికి గాడుల అడుగున అడ్డంగా ఒక చిన్న రబ్బరు గట్టు పోసి ఉంచుతారు. ఇప్పుడు వేలితో తడిమితే ఆ గట్టు చుట్టుపక్కల రబ్బరు దిమ్మలతో సమానంగా తగులుతోంది. వెనుక వాటికి ఇంకొన్నాళ్లు ఆయుష్షు ఉన్న మాట నిజమే. అయితే కొత్తవి రెండే కొని ముందు వేస్తే, వానలో మలుపు తిరిగేటప్పుడు పట్టు తగ్గిన వెనుక భాగం జారి బండి అడ్డం తిరిగే ప్రమాదం ఉంది. వెనుక వేస్తే, ముందు చక్రాలతో నడిచే ఈ బండికి ఆటోక్రాస్‌లో కావలసిన చోట పట్టు దొరకదు. ఎటు తిప్పి చూసినా నాలుగూ కొనక తప్పలేదు.

ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి, బండ్లను ఒక్కొక్కటిగా వదిలి, ఎవరు తక్కువ సమయంలో చుట్టి వచ్చారో చూసే ఆట ఈ ఆటోక్రాస్. కోను తగిలితే సెకన్లు కలుపుతారు. ఏడాదికి నాలుగుసార్లు హైదరాబాద్ వైపు వెళ్లి అందులో పాల్గొంటాను. రోజుకు అయిదు పరుగులు, ఒక్కో పరుగు ఒక నిమిషం అనుకుంటే, ఏడాది మొత్తానికి నేను నిజంగా పోటీలో ఉండేది 20 నిమిషాలు. మిగిలిన కాలమంతా ఈ బండి హన్మకొండ నుంచి హసన్‌పర్తి, ఎల్కతుర్తి మీదుగా హుజూరాబాద్‌కు నన్ను ఉద్యోగానికి తీసుకుపోయి తీసుకొస్తుంది. ఆ దారిలో గ్రానైటు లారీలు రాల్చిన చిప్పరాళ్లుంటాయి, మేలో కాళ్లు పెట్టలేనంత కాగిన తారు ఉంటుంది, ఆషాఢం దాటితే పల్లంలో నిలిచిన నీళ్లుంటాయి. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాకే నా కోరికలు కొంత అదుపులోకి వచ్చాయి.

కోరికల సంగతి దాచుకోవడమెందుకు, పోయిన ఏడాదంతా నా మనసు బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ అనే టైరు మీదే ఉంది. దాని ట్రెడ్‌వేర్ అంకె 200. ఆ అంకె పెద్దదైతే టైరు నిదానంగా అరుగుతుందని, చిన్నదైతే రబ్బరు మెత్తగా ఉండి రోడ్డును గట్టిగా పట్టుకుంటుందని స్థూలంగా అర్థం. ప్రామాణిక టైరుకు 100 ఇచ్చి దానితో పోల్చి లెక్కగడతారు. అమెరికాలో ఆటోక్రాస్‌లో మామూలు రోడ్డు బండ్ల తరగతికి 200కు తగ్గిన టైరును అనుమతించరు గనుక కంపెనీలు సరిగ్గా ఆ గీత మీదే నిలబడే టైర్లు తయారుచేస్తాయి. మన దగ్గర 2020 జూన్ నుంచి టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టినందువల్ల అలాంటివి సులువుగా దొరకవు, దొరికినా నా జీతానికి అందవు. అంతకన్నా పెద్ద అడ్డంకి నీళ్లు. గాడులు తక్కువగా ఉన్న ఇలాంటి టైరు నిలిచిన నీటిని పక్కకు తోయలేక దాని మీద తేలిపోతుంది, తేలిన బండికి స్టీరింగు ఉన్నా లేనట్టే.

సైజు దగ్గర కూడా కొంత తర్జనభర్జన పడ్డాను. ఇప్పుడున్నది 185/65 ఆర్15, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు; టైరు మొత్తం ఎత్తు 621.5 మిల్లీమీటర్లు. 195/60 ఆర్15 వేస్తే 615 అవుతుంది, స్పీడోమీటరులో ఒక శాతం తేడాకు ఎవరికీ నష్టం లేదు. పొట్టిదైతే మలుపులో తక్కువ మడత పడే పక్క గోడ మాత్రం 120 నుంచి 117 మిల్లీమీటర్లకే తగ్గుతుంది. ఆ 3 మిల్లీమీటర్ల కోసం, ఎక్కువగా అమ్ముడయ్యే సైజును వదులుకోవడం నాకు నచ్చలేదు. ఎక్కువ అమ్ముడయ్యే సైజు షాపులో తాజాగా దొరుకుతుంది, ధర కూడా కొంచెం తక్కువే పలుకుతుంది.

తాజాదనం గురించి ఎందుకింత పట్టుదల అంటే, పొద్దున మొదట వెళ్లిన షాపులో చూపించిన టైరు పక్క గోడ మీద 1122 అని ఉంది. అంటే 2022లో 11వ వారం తయారైంది. "ఒక్క కిలోమీటరు గూడ తిరగలే సార్, కొత్తదే" అన్నాడు కుర్రవాడు. రేకుల షెడ్డులో మూడు వేసవులు కాగిన రబ్బరు తిరగకుండానే ముసలిదవుతుందని అతనితో వాదించకుండా బయటికొచ్చాను.

రెండో షాపు పెద్దాయన నాకు పన్నెండేళ్లుగా తెలుసు. నేను అడగకముందే టార్చి వేసి నాలుగింటి తేదీలూ చూపించాడు, అన్నీ ఇదే సంవత్సరంవి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగడంతో మిగిలిన డబ్బు అలైన్‌మెంటుకూ, మంచి గాలి గేజీకీ సరిపోయింది. తీసుకున్నది దేశీ కంపెనీ వేసవి టైరు, 88హెచ్. ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, గంటకు 210 కిలోమీటర్ల దాకా ఓర్చుకుంటుంది.

"గాలి ఎంత కొట్టమంటవ్ బిడ్డా?"

"ఇప్పటికి 32 చాలు కాకా. ఆట రోజు నేనే పెంచుకుంట."

ఆ పెంచడం వెనుక ఒక సిగ్గుపడే కథ ఉంది. పోయినసారి మైదానంలో బండి మలుపు తిరగకుండా ముందుకే జారిపోతుంటే టైర్లను నోరారా తిట్టాను. పక్కనున్న ఒకాయన ఏమీ అనకుండా, ముందు టైరు అంచు నుంచి పక్క గోడ మీదికి చాక్‌పీసుతో అడ్డంగా ఒక గీత గీసి, ఇంకో పరుగు తీసి రమ్మన్నాడు. తిరిగి వచ్చి చూస్తే అంచు దగ్గరుండే చిన్న త్రికోణం గుర్తు దాటి, రెండు వేళ్ల మేర గీత చెరిగిపోయి ఉంది. మలుపులో టైరు మడత పడి పక్క గోడ మీద నడుస్తోందన్నమాట. గాలి 38కి పెంచాక గీత త్రికోణం దగ్గరే ఆగింది, నా సమయం కూడా ఒక సెకను పైగా తగ్గింది. ఇంటికి బయలుదేరే ముందు గాలి తీయడం మరిచిపోయి హన్మకొండ దాకా ప్రతి గుంతనూ నడుముతో లెక్కపెట్టుకున్నాను, అది వేరే సంగతి.

తయారీలో అచ్చుకు అంటుకోకుండా పూసిన నూనె కొత్త టైర్ల మీద నుంచి పోయేదాకా గట్టిగా బ్రేకు వేయకూడదు గనుక సాయంత్రం నెమ్మదిగా ఇల్లు చేరాను. మా చిన్నది మెట్ల మీద నుంచి దిగి వచ్చి, టైర్ల మీద నిలబడిన సన్నటి రబ్బరు వెంట్రుకలను ఒక్కొక్కటే పీకుతూ కూర్చుంది. పీకితే గాలి పోతుందా అని అడిగింది. పోదన్నాను. తన పలక పెట్టెలోంచి రెండు చాక్‌పీసులు అప్పు అడిగితే, ఒకటే ఇచ్చింది.