లైన్‌కే మోటరు, ఒంటికి కామెర్లు

మూత్రం టీ డికాక్షన్ రంగులోకి తిరిగేదాకా గ్యాస్ ట్రబులే అనుకున్నా. అప్పటికి ఐదు రోజులుగా నలత జ్వరం, పోపు వాసనకే వికారం. రక్త పరీక్షలో కామెర్ల పసుపు పదార్థం బిలిరుబిన్ 7.4, హెపటైటిస్-ఎ ఐజీఎం పాజిటివ్, అంటే కాలేయానికి పట్టే ఆ వైరస్ కొత్తగా సోకిందన్నమాట.

ఇంట్లో అందరూ మొన్నటి పానీపూరీ మీద పడ్డారు. కానీ ఈ వైరస్ ఒంట్లోకి వెళ్లాక బయటపడడానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది. వెనక్కి లెక్కపెడితే తేలింది, వానలు మొదలైన ఆ వారం నల్లాలో మొదటి పది నిమిషాలు మురుగు వాసన వచ్చింది.

మా బస్తీకి నీళ్లు రోజు విడిచి రోజు. సగం ఇళ్లు లైన్‌కే మోటరు బిగించుకున్నాయి, మాది కూడా. మోటరు గట్టిగా లాగితే పైపులో ఒత్తిడి బయటికంటే తగ్గిపోతుంది. డ్రైనేజీ పక్కన పైపుకు పగులుంటే అందులోంచి మురుగు లోపలికి వస్తుంది. చివరి ఇంటికి నీళ్లందవు కాబట్టి వాళ్లూ ఒక మోటరు కొంటారు!

దీనికి మందు లేదు. విశ్రాంతి, తినగలిగినంత తిండి, మద్యం చుక్క ముట్టకపోవడం. డాక్టరుని అడక్కుండా పారాసిటమాల్ కూడా వద్దు. పసరు మందు తెచ్చిస్తామన్న బంధువులకు దణ్ణం పెట్టా, వాచిన కాలేయం మీద తెలియని ఆకు ఎందుకు? డాక్టరు ఎక్కువగా చూసింది బిలిరుబిన్‌ని కాదు, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్‌ని. అది పెరిగి, మనిషి మత్తుగా, తికమకగా ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. నాకు కళ్లు తెల్లబడడానికి మూడు వారాలు, నీరసం తగ్గడానికి రెండు నెలలు.

కళ్లు పచ్చబడ్డాక నా కంచం, గ్లాసు వేరు చేశారు. నిజానికి ఎక్కువగా అంటుకునేది దానికి ముందు రెండు వారాల్లోనే. అప్పుడు నేను విందులో వడ్డన చేస్తున్నా.

ఇప్పుడు తాగే నీళ్లు మరిగిస్తాం, బుడగలు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం. సంపు కడిగి నింపాక వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్ బకెట్లో కలిపి, పైతేట మాత్రమే పోసి గంట ఆగుతాం. మూత తీసి నెలల తరబడి ఉంచిన పౌడరులో క్లోరిన్ మిగలదు. బురద నీళ్లయితే బురదే క్లోరిన్‌ని తినేస్తుంది.

లైన్ మోటరు పీకేశాం. ఇప్పుడు సంపులోకి ఎంత వస్తే అంతే, మోటరు పని సంపు నుంచి ట్యాంకు వరకే. మొదటి రోజు సంపు సగమే నిండింది, పక్కింటి వాళ్లది పొంగింది.