నెట్ ఫోరెన్సిక్ సైన్స్: నన్ను గట్టెక్కించిన ప్రశ్న "ఎందులో పెడతావు?"

ఫ్రెండ్స్, యూజీసీ నెట్ (కాలేజీలో పాఠాలు చెప్పడానికి అర్హత పరీక్ష) రిజల్ట్ వచ్చింది. ఫోరెన్సిక్ సైన్స్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత సాధించాను. కోచింగ్ లేదు, విజయనగరంలో అద్దె గదిలో కూర్చునే చదివాను. సిలబస్, పేపర్ల సంగతి మీకు తెలిసిందే, అందుకే నేరుగా పేపర్-2కి, అంటే మన సబ్జెక్టు పేపర్‌కి వస్తున్నాను.

కిందటిసారి అర్హత అందలేదు. అప్పటికే రక్తం పరీక్షల్లో కాస్ల్-మేయర్‌కి గులాబీ రంగు, టైక్‌మన్‌కి గోధుమరంగు స్ఫటికాలు, వీర్యం పరీక్షలైన ఫ్లోరెన్స్, బార్బెరియో అన్నీ నోటికొచ్చు. కానీ అసర్షన్-రీజన్ (ఒక వాక్యం, దానికి కారణం ఇచ్చి సరైనవేనా అని అడిగే) ప్రశ్నకి రంగు తెలిస్తే చాలదు, కారణం తెలియాలి.

దారి చూపించింది నా రూమ్మేట్. వాడు ఎస్సై పరీక్షకి చదువుతున్నాడు, వాడిది శ్రీకాకుళం పక్కనే. రాత్రి అన్నాలయ్యాక నా పుస్తకం మూసేసి అడిగేవాడు: "తడి సొక్కా దొరికింది, రక్తం ఉంది. ఎందులో పెడతావు?"

నీడన ఆరబెట్టి కాగితం కవర్లో పెడతానన్నాను.

"పాలిథిన్ కవర్లో పెట్టేస్తే ఏటవుతాది?"

చెమ్మ లోపలే ఉండిపోయి బ్యాక్టీరియా పెరుగుతుంది, డీఎన్ఏ పాడవుతుంది.

"సరే, పూరిల్లు కాలిపోయింది, కిరసనాయిలు వాసనొస్తంది. ఆ బూడిదా కాగితంలోనేనా?"

కాదు. అక్కడ దొరకబుచ్చుకోవాల్సింది ఆవిరైపోయే సరుకు. గాలి చొరని రేకు డబ్బాలో పెట్టకపోతే గ్యాస్ క్రొమటోగ్రఫీకి (ఆవిర్లని విడదీసి గుర్తుపట్టే పరీక్ష) చేరేసరికి ఆనవాలే మిగలదు.

ఆ రాత్రితో ప్యాకింగ్ టేబుల్ బట్టీ పట్టే పని పోయింది. ఆ తర్వాత రోజూ మన చుట్టుపక్కల జరిగే కేసులే అడిగించుకున్నాను. పొలం గట్టున పురుగుమందు తాగి చనిపోయాడనుకోండి. విసెరా (పోస్టుమార్టంలో తీసిన కడుపు, కాలేయం లాంటి అవయవాలు) సంతృప్త ఉప్పు ద్రావణంలో పెట్టాలి. తాగింది గాఢమైన యాసిడ్ అయితే రెక్టిఫైడ్ స్పిరిట్ (గాఢమైన ఆల్కహాల్), కార్బాలిక్ ఆమ్లమైతే మళ్లీ ఉప్పు ద్రావణమే. అవయవాలు పాడవకుండా వాడిన ఆ ద్రావణం (ప్రిజర్వేటివ్) నమూనా విడిగా పంపాలి, లేకపోతే విషం అందులోంచే వచ్చిందని డిఫెన్స్ లాయరు వాదిస్తాడు. చెరువులో శవం తేలిందనుకోండి. గుండె కొట్టుకుంటుండగా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తేనే డయాటమ్స్ (నీళ్లలో ఉండే కంటికి కనపడని నాచు) ఎముక మజ్జదాకా చేరతాయి. కాబట్టి తొడ ఎముకతోపాటు అదే చెరువు నీళ్లూ ల్యాబుకి వెళ్లాలి. హైవే మీద లారీ గుద్ది వెళ్లిపోతే పెయింటు పెచ్చు, హెడ్‌లైటు గాజు. గాజు ఆ లారీదేనా అని పోల్చడానికి వక్రీభవన గుణకం, అంటే అది కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె. కాగితం మీద వేలిముద్రలకి ముందు అయోడిన్, తర్వాత నిన్‌హైడ్రిన్, చివర సిల్వర్ నైట్రేట్. ఈ వరస ఎందుకో చెప్పగలిగితే వరస మర్చిపోవడం కుదరదు.

మిమ్మల్నీ ఎవరో ఒకరిచేత అడిగించుకోమంటాను. సబ్జెక్టు తెలిసినవాళ్లే అక్కర్లేదు. ఇంట్లో అమ్మ అయినా చాలు, "ఎందుకలాగ?" అంటే మనం తెలుగులో విడమర్చి చెప్పాలి. పేపర్ ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది, అయినా తెలుగులో అర్థమైనదాన్ని ఇంగ్లీషులో గుర్తుపట్టడం కష్టం కాదు.

కాలక్రమం ప్రశ్నలకి ఐదు మేకులు కొట్టుకున్నాను: 1858 హుగ్లీలో హెర్షెల్ ఒప్పందం మీద చేతిముద్ర వేయించడం, 1897 కలకత్తా వేలిముద్రల బ్యూరో, 1901 లాండ్‌స్టైనర్ రక్తం గ్రూపులు, 1910 ఫ్రాన్స్‌లోని లియోన్‌లో లోకార్డ్ పోలీసు ల్యాబు, 1984 జెఫ్రీస్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్. మిగతావి వీటి మధ్య సర్దుకున్నాయి. అన్ని సబ్జెక్టులవాళ్లకీ ఒకటే అయిన పేపర్-1కి పాత పేపర్లు చేశాను, అంతే.

ఈ సబ్జెక్టుతో ఏం ఉద్యోగమొస్తుంది, బీఈడీ చెయ్యి అని చుట్టాలందరూ అన్నారు. చెయ్యలేదు. పెళ్లిళ్లకీ పండగలకీ వెళ్లలేదని నిష్ఠూరాలాడారు. నేను చేసింది సబబేనని ఇప్పటికీ అంటాను. చదివే గంటల్లో ఫోను పక్క గదిలో ఉండాలి, రోజూ ఒకే వేళకి కూర్చోవాలి. మనసు బాగున్నరోజు చదువుతాను, లేనిరోజు మానేస్తాను అనేవాళ్లకి ఈ పరీక్ష లొంగదు. మనం రేపు చెప్పే పాఠం మీదో, ఇచ్చే రిపోర్టు మీదో ఒక మనిషి జైలుకి వెళ్లడం, వెళ్లకపోవడం ఆధారపడి ఉంటుంది.

చట్టం భాగానికి పాత పుస్తకాలు నమ్ముకోకండి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లో ఉన్నాయి. నిపుణుల అభిప్రాయం పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 45, ఇప్పుడు బీఎస్ఏ (భారతీయ సాక్ష్య అధినియం) 39. ఎలక్ట్రానిక్ సాక్ష్యం 65బి, ఇప్పుడు 63. ప్రభుత్వ శాస్త్ర నిపుణుల రిపోర్టును సాక్ష్యంగా తీసుకునే సీఆర్‌పీసీ (పాత నేర విచారణ స్మృతి) 293 ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 329. ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి రావాలన్నది బీఎన్ఎస్ఎస్ 176(3). పాత నంబరు పక్కన కొత్తది రాసుకుని ఒక్క కాగితం తయారు చేసుకోండి. పరీక్ష ముందురోజు సాయంత్రం నేను చూసుకున్నది ఆ కాగితమే.