మా దూది ఎందుకు కరిచేదో తెలిసేసరికి

దూదికి పిల్లలు పుట్టకుండా ఆపరేషనయ్యి నిన్నటికి నెల దాటింది. ఈ వారమంతా మా ఇంట్లో అందరం తెల్లారేదాకా పడుకున్నాం. అలా పడుకుని ఎన్నాళ్లైందో.

దూది మా కుందేలు. పాప పుట్టినరోజుకి విశాఖలో కొన్నాం. మగదని చెప్పి ఇచ్చారు. రెండడుగుల ఇనప గూడు కూడా వాళ్లే అంటగట్టారు. విజయనగరం కోట దగ్గర మాది చిన్న అద్దె ఇల్లు, గూడు హాల్లోనే పెట్టుకున్నాం. ఐదో నెల దాకా ఏ గొడవా లేదు.

తర్వాత మొదలైంది. రాత్రి రెండున్నరకి ఊచలు పళ్లతో పట్టుకుని లాగేది. నీళ్ల గిన్నె నోటితో ఎత్తి విసిరేది. మూలకి పోయి గీరిందే గీరడం. శుభ్రం చేద్దామని చెయ్యి పెడితే గుర్రుమని మీదికొచ్చి కరిచేది. పాప బొటనవేలి మీద రెండు పళ్లూ దిగిపోయాయి. అత్తమ్మ దుప్పటి కప్పీమంది, మా ఆయన ఊచల మీద కర్రతో కొట్టమన్నారు. రెండూ చేశాను. అది మూలకి నక్కి వణికింది తప్ప మానలేదు. దయచేసి మీరెవరూ అలా చెయ్యకండి.

ఒకరోజు పొద్దున్నే చూస్తే దాని రొమ్ము మీద బొచ్చు లేదు, గులాబీ రంగు చర్మం కనిపిస్తోంది. పీకిన బొచ్చంతా గడ్డితో కలిపి మూలన కుప్ప పెట్టింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. బుట్టలో పెట్టుకుని, పాపని తీసుకుని, ఆటోలో ఊళ్లోనే ఒక పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాను.

అక్కడి మనిషి బుట్ట మూత తీసి "ఏటమ్మా, కుందేలా?" అని నవ్వాడు. వెనక కుక్కని పట్టుకుని నిలబడ్డాయనా నవ్వాడు. కరుస్తోందని, రాత్రుళ్లు నిద్ర లేదని, బొచ్చు పీక్కుంటోందని నేను చెప్తూనే ఉన్నాను, డాక్టరు దాన్ని వేలితో కూడా ముట్టలేదు. ఆపరేషన్ చేయిస్తే నెమ్మదిస్తాయటగదండీ అని అడిగాను. "కుందేలికి ఆపరేషనేటమ్మా! పండక్కి కూరొండీసుకుంటే సరిపోద్ది" అన్నాడు. గదిలో అందరూ గొల్లుమన్నారు. పాప ఆరో తరగతి. ఏమీ అనకుండా బుట్ట మూత మూసేసి రెండు చేతులతో అదిమి పట్టుకుంది. చీటీ మీద గజ్జి మందు రాసి, ఫీజు మాత్రం లెక్కగా తీసుకున్నారు. మెట్లు దిగుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు.

తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు, అందులో చిన్నతనం ఏముంది? ఆవుకీ గేదెకీ ఉన్న నొప్పే దీనికీ ఉంటుంది. చిన్నపిల్ల ముందు ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో!

నా స్నేహితురాలు విశాఖలో కుందేళ్లనీ పక్షుల్నీ చూసే డాక్టరుగారి గురించి చెప్పింది. ఆయన దూదిని తువాల్లో చుట్టి, ఒళ్లో వెల్లకిలా తిప్పి, అర నిమిషంలో "అమ్మా, ఇది ఆడది" అన్నారు. బొచ్చు పీక్కోవడం గజ్జి కాదట. 4 నుంచి 6 నెలల మధ్య ఈడుకొస్తాయట, కడుపు లేకపోయినా ఉందనుకుని పిల్లలకి గూడు కట్టుకుంటాయట. 16–18 రోజుల్లో తగ్గినా మళ్లీ వస్తూనే ఉంటుందట. ఆ చోటు తనదని కాపలా కాస్తోంది కాబట్టే చెయ్యి పెడితే కరిచింది. ఊచలు కొరకడం మాత్రం ఇరుకు గూటికీ, గడ్డి చాలకపోవడానికీ. వాటి పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ఎప్పుడూ గడ్డి నములుతూ ఉండాలి. మేము గింజల మేతే గిన్నెడు పోసేవాళ్లం.

ఆపరేషన్ మాట ఆయనే ఎత్తారు. చేయించని ఆడ కుందేళ్లకి వయసు మీదపడితే గర్భసంచి క్యాన్సరు ఎక్కువగా వస్తుందని చెప్పారు. ఒకటి గుర్తుపెట్టుకోండి, కుందేలుకి ముందు రాత్రి నుంచి కడుపు మాడ్చక్కర్లేదు. వాటికి వాంతి రాదు, పేగు కదలడం ఆగిపోతేనే ప్రమాదం. ఎవరైనా పస్తుంచమంటే ఇంకో డాక్టర్ని చూసుకోండి. ఆపరేషన్ సులువుగానే అయింది. సాయంత్రం దూది కొత్తిమీర కాడ ఒకటి నమిలాక గానీ నా ప్రాణం కుదుటపడలేదు.

గూడు పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేశాను. జాలీ పలకలు కట్టించి హాల్లో 4×6 అడుగుల దడి పెట్టాం. కింద గోనెపట్టా, దాక్కోడానికి అట్టపెట్టె, నీళ్లకి బరువైన రాతి చిప్ప. గడ్డి తింటూనే రెట్ట వేస్తాయి కాబట్టి ట్రే పక్కనే గడ్డి వేలాడదీశాం. మూడో రోజుకే ట్రేలోకి వెళ్లడం నేర్చుకుంది. ఇంటి వెనక ఖాళీ స్థలంలో గరిక కోసి, కడిగి, మేడ మీద ఆరబెడతాను. వినాయక చవితికి తప్ప ఎవరూ చూడని గరికని దూది రోజంతా నములుతుంది. శుభ్రం చేసేటప్పుడు దాన్ని బయటికి రానిచ్చాకే లోపల చెయ్యి పెడతాను.

అత్తమ్మ ఇప్పుడు తోటకూర కాడలు దాచి మరీ పెడుతోంది. రొమ్ము మీద బొచ్చు మళ్లీ ఒత్తుగా వచ్చేసింది. ఆ గజ్జి మందు ట్యూబు మూత కూడా తియ్యలేదు.