తిప్పు అంటే ఎంత తిప్పాలి?

మా అమ్మాయి రాసుకున్న కథలో ఒక కుర్రాడి సైకిల్ బాట వదిలి గడ్డిలోకి పోతుంది. అక్కడ ‘వీర్డ్’ (veered, అంటే వీర్ అయింది) అని రాసింది. నేను దాన్ని కొట్టేసి ‘టర్న్‌డ్’ అని పెట్టాను. అది నా చేతిలోంచి పెన్సిల్ లాక్కుని, నా మాట చెరిపేసి, మళ్ళీ తన మాటే రాసుకుంది. "టర్న్ అంటే వాడే తిప్పినట్టు అమ్మా. వాడేం చెయ్యలేదు, సైకిలే పోయింది" అంది. అక్కడితో ఆగకుండా, "ఇకనుంచి నువ్వు కామాలు చూడు చాలు" అని నా హోదా కూడా తగ్గించేసింది.

పిల్ల అంత కచ్చితంగా మాట్లాడితే తల్లి మురిసిపోవాలి. నాకు రోషం వచ్చింది. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియం, ఇప్పుడు రోజంతా ఇంగ్లీషు మెయిళ్ళు, నాకు కామాలా? రాత్రి అందరూ పడుకున్నాక డిక్షనరీ తీసి కూర్చున్నాను. నేర్చుకుందామని కాదు, పొద్దున్నే గెలుద్దామని.

చదివినకొద్దీ ఆ మాటలు దేనికది విడిపోతూ వచ్చాయి. టర్న్ ఎవరికైనా సర్దుకుపోయే మాట. మనిషి తిరిగినా, రోడ్డు తిరిగినా, తాళంచెవి తిప్పినా సరిపోతుంది. ఎంత వేగంగా, ఎందుకు అని మాత్రం దాన్ని అడక్కూడదు. స్వర్వ్‌లో కంగారు ఉంది. పోతున్నది ఉన్నట్టుండి పక్కకి తిరగాలి, చాలాసార్లు ఎదురొచ్చినదాన్ని తప్పించడానికి. వీర్‌కి ఎదురు ఏదీ ఉండక్కర్లేదు. పోవాల్సిన వరస తప్పి పక్కకి పోవడమే అక్కడ విషయం. అది హఠాత్తుగా కావచ్చు, మెల్లగానూ కావచ్చు. అందుకే ఇంగ్లీషులో కబుర్లు వీర్ అవుతాయి. పిల్లల పరీక్షల దగ్గర మొదలైన ఫోను ఎవరి పెళ్ళి ఎందుకు ఆగిందో దాకా పోతుంది చూడండి, అదన్నమాట. ఆ దారిలో ఎవరూ స్టీరింగ్ తిప్పినట్టు కనబడరు. మా అమ్మాయి సైకిలూ అంతే.

డైవర్ట్ వెనక మామూలుగా ఒక చెయ్యి ఉంటుంది. ట్రాఫిక్‌ని, డబ్బుని, మన దృష్టిని ఎవరో ఒకరు మళ్ళిస్తారు. డీవియేట్‌కి ముందు ఒక ప్లానో పద్ధతో ఉండాలి, దాన్నుంచి తొలగడానికి. లాటిన్‌లో ‘వియా’ అంటే దారి, ఆ మాట అందులోంచే వచ్చింది. పివట్ కావాలంటే ఒక కాలు నేల మీద కదలకుండా ఉండాలి. బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళు బంతి పట్టుకుని ఒక కాలు ఆనించి రెండో కాలితో చుట్టూ తిరుగుతారే, అదీ అసలు పివట్. మా ఆఫీసు మీటింగుల్లోనూ తెగ పివట్ అవుతుంటారు. ఆ ఆనించిన కాలు ఎక్కడుందో ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

ఇంతా చదివి నాకు దొరికిన ముత్యం ఏమిటంటే, వాతావరణం చెప్పేవాళ్ళ భాషలో గాలి వీర్ అయిందంటే దాని దిశ గడియారం ముల్లు తిరిగే వైపు మారిందని. రెండో వైపు మారితే బ్యాక్ అయిందంటారు. పొద్దున్నే టిఫిన్ దగ్గర ఇది చాలా గొప్పగా చెప్పాను. "నా కథలో గాలి లేదమ్మా" అని తినేసి లేచిపోయింది.

పిల్లలకి ఇలాంటి మాటలు నేర్పే తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఒకటుంది. పర్యాయపదాల పట్టిక చేతికివ్వకండి. టర్న్ కింద ఈ మాటలన్నీ వరసగా పేర్చి ఉంటాయి, అన్నీ ఒకటే కాబోలనుకుంటారు పిల్లలు. అప్పుడు కథలో బస్సు సందు చివర డీవియేట్ అవుతుంది. దానికి బదులు ఎవరు తిప్పారు, ఎంత ఉన్నట్టుండి, దేన్ని తప్పించడానికి అని అడగండి. మాట దానంతటదే వస్తుంది.

సలహా బానే ఉంది. కానీ మా ఫ్రిజ్ మీద ఆ పట్టిక అంటించింది నేనే. పెద్దవాడు చిన్నప్పుడు టర్న్ అని రాస్తే "ఇంతకన్నా మంచి మాట దొరకలేదా" అని సతాయించేదాన్ని. చిన్నదాని దగ్గరికొచ్చేసరికి "సింపుల్‌గా రాయి తల్లీ" అంటున్నాను. వాడు ఇదంతా వింటూ ఏమీ అనకుండా పాలు తాగుతాడు. వాడు ఏమీ అనకపోవడమే నాకు టెన్షన్.

వాడిప్పుడు డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడు, పక్క సీట్లో నేను. రోడ్డు వారగా ఆగి ఉన్న వ్యాను తలుపు తెరుచుకుంటోంది. "తిప్పు, తిప్పు, తిప్పు!" అని అరిచాను, డ్యాష్‌బోర్డు పట్టుకుని. వాడు వేగం తగ్గించి, అద్దం చూసుకుని, వ్యానుకి కాస్త ఎడం ఇచ్చి పోనిచ్చాడు. తర్వాత సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగాడు. "అమ్మా, తిప్పు అంటే ఎంత తిప్పాలి? టర్నా, స్వర్వా?"

సమాధానం చెప్పలేకపోయాను. నా గొంతులోనే కంగారుంది కదా, అందులోంచి తెలుసుకోవాలి అనబోయి మానుకున్నాను. చిన్న జంతువు అడ్డొస్తే స్వర్వ్ చెయ్యొద్దు, లేన్‌లోనే ఉండి బ్రేకు వెయ్యమని డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళకి నేర్పుతారు. అమెరికాలో జింకలు తిరిగే రాష్ట్రాల్లో ‘డోంట్ వీర్ ఫర్ డీర్’ అనే నినాదమే ఉంది. డీర్‌తో ప్రాస కుదరాలి కాబట్టి వీర్ అన్నారు గానీ, వాళ్ళు వద్దంటున్నది స్వర్వ్‌నే అని మా అమ్మాయి తేల్చేసింది. మొన్న ఉడతని చూసి నేను స్టీరింగ్ చటుక్కున తిప్పినప్పుడు వెనక సీట్లోంచి ఇద్దరూ కలిసి ఆ నినాదం పాడారు. ఉడత బతికింది. నేనింకా నాదే రైటంటాను.

వాడి ప్రశ్న మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉంది. తెలుగులో వీటికి మాటలు లేకేం. మళ్ళించడం ఉంది, తప్పుకోవడం ఉంది, దారి తప్పడం ఉంది. ఎంత జోరుగా అన్నది మాత్రం మనం ఎక్కువగా ముందు మాటకి అప్పగిస్తాం. గిరుక్కున తిరిగింది, గిర్రున తిరిగింది, చటుక్కున పక్కకి తప్పుకుంది. గిరుక్కుమంటే ఒక్కసారి వెనక్కి, గిర్రుమంటే చక్రంలా ఆగకుండా. ఇద్దరినీ కూర్చోబెట్టి ఈ తేడా అడిగితే మొహామొహాలు చూసుకున్నారు. అవి కార్టూన్లలో చప్పుళ్ళా అని అడిగింది చిన్నది.

తెలుగు ఇంట్లో మాట్లాడతాం అని అందరికీ చెప్పుకుంటాను. ఆ మాట్లాడేది ఏమిటో ఒకరోజు చెవి పెట్టి విన్నాను. లే, తిను, వేసుకో, ఆపు, పద, పడుకో. అంతా హుకుములే. పిల్లలకి తిప్పు తెలుసు, ఎందుకంటే అది నేను అరిచే మాట. కథ చెప్పడం, జరిగింది జరిగినట్టు వర్ణించడం, ఒకరి మీద చాడీలు చెప్పుకోవడం, ఇవన్నీ మా ఇంట్లో ఇంగ్లీషులోకి ఎప్పుడు పోయాయో నాకు తెలియలేదు. ఎవరైనా పట్టుకెళితే తెలిసేది. ఇది వీర్ అయింది. రాత్రి భోజనం దగ్గర తెలుగే మాట్లాడాలని రూలు పెట్టిందీ నేనే, స్వర్వ్‌కీ వీర్‌కీ తేడా గురించి ఆ భోజనం దగ్గరే ముప్పావుగంట ఇంగ్లీషులో వాదించిందీ నేనే. వాదనకి నా తెలుగు చాలలేదని ఒప్పుకోవడం కన్నా రూలు తప్పడం తేలికనిపించింది.

ఇప్పుడేం చెయ్యాలో తెలియదు. గిరుక్కున, గిర్రున అని కొత్త పట్టిక రాసి ఫ్రిజ్ మీద పాతదాని పక్కన అంటించాలని చెయ్యి దురదపెడుతోంది. మా ఆయన, "ఆ ఫ్రిజ్ తలుపు ఇప్పటికే బరువెక్కింది" అన్నారు.

ఆదివారం అమ్మమ్మతో ఫోన్లో చిన్నది ఉడత సంగతి చెబుతోంది. "కారు స్వర్వ్ అయింది అమ్మమ్మా" అంది. ఆ తెలుగు విని నేను వంటింట్లోంచే సరిదిద్దబోయాను. ఈలోపే అటునుంచి మా అమ్మ గొంతు. "అయిందా, మీ అమ్మ చేసిందా?"

"అమ్మే చేసింది" అంది ఇది, క్షణం కూడా ఆలోచించకుండా.