ఆ పేరు పెడితే ఏమైంది?

పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు. మధ్యాహ్నం బారసాలలో జరిగిందే కళ్ల ముందు తిరుగుతోంది.

బియ్యంలో పేరు రాయబోతుంటే పిల్ల ముత్తాతగారు మెల్లిగా, "మా అమ్మ పేరు కూడా కలపండి, సూర్యకాంతం" అన్నారు. అంతే, హాలంతా ఒకటే నవ్వు. "ఇంకేమైనా ఉందా! రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు?" అందొకావిడ. ఒక కుర్రాడైతే ఎడంచెయ్యి గాల్లో తిప్పుతూ గుండమ్మలా నటించి చూపించాడు. చివరికి రెండక్షరాల పేరేదో రాశారు. అర్థం ఏమిటని అడిగితే తల్లే ఫోన్ తీసి వెతుక్కుంది. పెద్దాయన కండువా సర్దుకుని వెళ్లి మూల కుర్చీలో కూర్చున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. పువ్వుకీ మణికీ ఉన్న పేరది. ఆ పేరున్న నటి సినిమాల్లో గయ్యాళి అత్తగా అంత బాగా నటించినందుకు పేరుకి శిక్షా? 1957లో ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి తల్లిగా వేసింది కూడా ఆవిడే. కొడుకుని చూసుకుని ఎంత మురిసిపోతుందో! అది మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

మద్రాసు టి.నగర్ ఇంట్లో మాకు ఆవిడ పెద్దమ్మ. షూటింగులకి ఇంటి నుంచి వంటలు పట్టుకెళ్లి అందరికీ పెట్టేదని సినిమావాళ్లంతా చెప్పేదే. మా ఇంటికి వచ్చినా చేతిలో క్యారియర్ ఉండాల్సిందే. మూత తీస్తే ఇంగువ వాసన వీధి గది దాకా వచ్చేది. పులిహోర మీద కప్పిన అరిటాకు ముక్క ఆవిరికి కమిలి నల్లబడి ఉండేది.

నాకు ఏడేళ్లప్పుడు ‘గుండమ్మ కథ’ మళ్లీ వేస్తే నాన్న తీసుకెళ్లారు. సావిత్రిని అన్నేసి మాటలంటుంటే హాల్లోనే ఏడ్చేశాను. ఆ వారమే పెద్దమ్మ వచ్చింది. నేను బియ్యం డబ్బా వెనక దూరి రానంటే రానన్నాను. అమ్మకి తల కొట్టేసినట్టయింది. పెద్దమ్మ మాత్రం ఏమీ అనలేదు. కింద కూర్చుని, ముద్ద చేసి, డబ్బా సందులోంచి చెయ్యి చాపింది. నాకు కనిపించినవల్లా గాజులు, పసుపంటిన వేళ్లు, ముద్దలోంచి పొడుచుకొచ్చిన ఎండుమిరపకాయ. చాలాసేపు ఆ చెయ్యి అలాగే ఉంది. చివరికి తిన్నాను.

ఇంతవరకూ రాశాక అనిపిస్తోంది, ఆవిడ చేతి ముద్ద తిని పెరిగిన నేనే భయపడ్డాను కదా. తెర మీద తప్ప చూడనివాళ్లని ఏం అనగలను? ఆవిడ 1994లో పోయింది. ఆ తర్వాత ఎప్పుడో పుట్టిన కుర్రాడికి కూడా ఆ చెయ్యి తిప్పడం వచ్చిందంటే అది ఆవిడ సంపాదించుకున్నదే. ఉంటే వాడి భుజం తట్టి, బాగా చేశావని మెచ్చుకునేదేమో. వాడి మీద కోపం పోయింది.

పెద్దాయన సంగతే మింగుడు పడటం లేదు. ఆయన అడిగింది సినిమా సూర్యకాంతం పేరు కాదు, కన్నతల్లి పేరు. ఆవిడెవరు, ఎలా ఉండేదని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. అక్షింతలు వేసి భోజనానికి లేచిపోయాను.

పొద్దున్నే ఆయనకి ఫోన్ చేసి, వాళ్లమ్మగారి గురించి చెప్పమని అడగాలి.